తలుపు తెరవని ఇళ్ల ముందు రెండేళ్లు

జపాన్‌లో ఎవరింటికైనా వెళ్తే ముందు టీ వస్తుంది. చిన్న కప్పులో వేడివేడి గ్రీన్ టీ. అమెరికాలోని యూటా నుంచి మతప్రచారానికి వచ్చిన పంతొమ్మిదేళ్ల మోర్మన్ అనే క్రైస్తవ శాఖ కుర్రాడికి ఆ కప్పు చూస్తే ప్రాణసంకటం. కాఫీ, టీ, మద్యం, పొగాకు అతని మతంలో నిషిద్ధం. గ్రీన్ టీ కూడా అందులోకే వస్తుందా అన్న సందేహం చాలామందికి ఉండేది. వస్తుందని 2019లో చర్చి యువజన పత్రిక తేల్చేసింది. అలాంటప్పుడు ఆదుకునేది ముగిచా. వేయించిన బార్లీ గింజలతో చేసే పానీయం. తేయాకు ఉండదు కాబట్టి పేచీ లేదు. తాగొచ్చు, ఇంటావిడ మనసూ కష్టపెట్టనక్కర్లేదు.

అసలు ఇంట్లోకి పిలిచేవాళ్లు ఉంటే కదా ఈ బాధ! గోడకున్న ఇంటర్‌ఫోన్ నొక్కితే లోపలినుంచి ‘కెక్కో దెస్’ అని వినిపిస్తుంది. ‘పరవాలేదండీ’ అనే అంత మర్యాదైన మాట. అర్థం మాత్రం వద్దు, వెళ్లండి అనే. పక్కింట్లో మళ్లీ అదే. వాన పడుతున్నా, టై కట్టుకుని, హెల్మెట్ పెట్టుకుని, సైకిల్ తొక్కుకుంటూ తర్వాతి వీధికి పోవాలి.

ఈ సంఘానికి పూర్తి పేరు ‘యేసు క్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘం’. 1830లో న్యూయార్క్ రాష్ట్రంలో జోసెఫ్ స్మిత్ మొదలుపెట్టాడు. మోర్మన్లు అనేది లోకం పెట్టిన పేరు. ఇప్పుడు ప్రపంచమంతటా 70 వేలకు పైగా మిషనరీలు ఉన్నారు. వీరిలో అత్యధికులు ఇరవై దాటీ దాటని పిల్లలే. అబ్బాయిలకు రెండేళ్లు, అమ్మాయిలకు ఏడాదిన్నర. 2012లో అబ్బాయిల కనీస వయసును 19 నుంచి 18కి, అమ్మాయిల వయసును 21 నుంచి 19కి తగ్గించగానే సంఖ్య ఒక్కసారిగా పెరిగింది. జీతం ఉండదు సరికదా, ఖర్చు కూడా వాళ్లదే. అమెరికా కుటుంబాలైతే 2020 జులై నుంచి నెలకు 500 డాలర్లు కట్టాలి. పిల్లవాడు టోక్యోలో ఉన్నా, మనీలాలో ఉన్నా అదే మొత్తం. ఏ దేశం వెళ్లాలో అడిగే హక్కు లేదు. ఒకప్పుడు పోస్టులో పెద్ద కవరు వచ్చేది, 2018 చివరి నుంచి ఆన్‌లైన్‌లో చెబుతున్నారు. కుటుంబమంతా చుట్టూ చేరాక, పిల్లవాడు వణుకుతున్న గొంతుతో దేశం పేరు చదువుతాడు.

అక్కడినుంచి పేరు కూడా అతనిది కాదు. గుండె మీది నల్ల బ్యాడ్జిపై ‘ఎల్డర్’, దాని పక్కన ఇంటిపేరు. అమ్మాయైతే ‘సిస్టర్’. కొత్త భాష నేర్వాలంటే శిక్షణ కేంద్రంలో కొన్ని వారాలు. ఆ తర్వాత నేరుగా వీధిలోకే. పొద్దున్న ఆరున్నరకు లేవడం, వ్యాయామం, చదువు, తర్వాత బయటి తిరుగుడు, రాత్రి పదిన్నరకు పడక. 2017లో ఈ టైంటేబుల్‌ను కాస్త సడలించారు గానీ చట్రం పోలేదు. వారంలో ఒక రోజు బట్టలు ఉతుక్కోవడానికి, సరుకులు తెచ్చుకోవడానికి. 2019 ఫిబ్రవరి దాకా ఇంటికి ఫోన్ ఏడాదికి రెండుసార్లే, క్రిస్మస్‌కు, మదర్స్ డేకు. మిగతా రోజుల్లో వారానికో ఈమెయిల్. ఇప్పుడు వారం వారం వీడియోలో మాట్లాడుకోవచ్చు. పద్దెనిమిదేళ్ల పిల్లవాణ్ని తల్లి గొంతుకు అంత దూరంలో ఉంచడం వల్ల ఎవరికి ఏ పుణ్యం దక్కిందో నాకైతే అంతుపట్టదు.

ఇవన్నీ ఒక ఎత్తు, ‘కంపానియన్’ నియమం ఒక్కటే ఒక ఎత్తు. మిషనరీ ఎప్పుడూ ఒంటరిగా ఉండకూడదు. తోడుగా ఇచ్చిన మనిషి కంటికి కనబడుతూ, మాట వినబడేంత దగ్గరలో ఉండాలి. బాత్‌రూమ్‌లో తప్ప ఏకాంతం లేదు. వంట కలిసి, ప్రార్థన కలిసి, అవమానాలు కూడా కలిసే. ఆ తోడును ఎంచుకునేది మిషన్ ప్రెసిడెంట్, అంటే ఆ ప్రాంతపు మిషనరీలందరికీ పెద్ద. అతని గురక, చిరాకు, గిన్నెలు కడగని బద్ధకం, అన్నీ భరించాల్సిందే. ముఖం చూడకుండా చేసిన పెళ్లిలాంటిదే. ఒక్కటే తేడా, ఇక్కడ సుమారు ఆరు వారాలకోసారి బదిలీల జాబితా వస్తుంది. అందులో పేరుంటే సూట్‌కేసు సర్దుకుని ఇంకో ఊరు, ఇంకో తోడు. లేకపోతే ఇంకో ఆరు వారాలు ఇదే కాపురం.

దీన్ని నిఘా అనేవాళ్లున్నారు. నిజమే, ఒకరికొకరు కాపలా. జపాన్ లాంటి చోట చేరిన కొత్తలో మాత్రం ఆ కాపలాయే ఊతకర్ర కూడా. కొత్తగా వచ్చినవాడికి ఒక్క ముక్క అర్థం కాదు, ముందొచ్చినవాడు మాట్లాడుతుంటే తలూపుతూ నిలబడతాడు. ఏడాది తిరిగేసరికి తలూపే ఇంకో కుర్రాడు ఇతని పక్కన నిలబడతాడు. తోడుతో పడనివాడి సంగతి వేరు. దిగులు ముదిరినా అది చూసేవాడు ఆ ఒక్కడే, దాచుకోవాల్సిందీ అతని దగ్గరే. తట్టుకోలేక మధ్యలో తిరిగొస్తే, యూటా ఊళ్లలో చుట్టుపక్కలవాళ్ల చూపులు రెండేళ్ల మిషన్ కన్నా బరువు.

ఇంతా చేసి ఫలితం ఏమిటి? జపాన్ లెక్కలే చూద్దాం. 1901 ఆగస్టులో చర్చి పెద్దల్లో ఒకడైన హీబర్ గ్రాంట్ ముగ్గురిని వెంటబెట్టుకుని యోకొహామాలో దిగాడు. ఆ ముగ్గురిలో చిన్నవాడు ఆల్మా టేలర్, అప్పటికి పంతొమ్మిదేళ్లు. గ్రాంట్ రెండేళ్లకు వెళ్లిపోయాడు, టేలర్ మాత్రం ఎనిమిదేళ్లకు పైగా ఉండిపోయి, ఈ సంఘపు పవిత్ర గ్రంథమైన మోర్మన్ గ్రంథాన్ని జపనీస్‌లోకి తెచ్చాడు. 1909లో అచ్చయింది. 1924లో మిషన్ మూసేసేనాటికి, అంటే 23 ఏళ్లలో, బాప్తిస్మం తీసుకున్నవాళ్లు 166 మంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత, 1948లో మళ్లీ తెరిచారు. 1980 ప్రాంతంలో టోక్యోలో అంకెల మోజు పట్టుకుంది. పరిచయమైన కొద్ది రోజులకే కుర్రకారుకు బాప్తిస్మాలిచ్చేశారు. వచ్చినంత వేగంగానూ వాళ్లలో చాలామంది కనబడకుండా పోయారు. ఆ దెబ్బ నుంచి అక్కడి సంఘాలు కోలుకోవడానికి చాలా కాలం పట్టింది.

దీని పక్కన మన హైదరాబాద్ కథ పెట్టి చూడండి. ఎడ్విన్ ధర్మరాజు అనే కీటక శాస్త్రవేత్త ఉద్యోగరీత్యా సమోవా దీవుల్లో ఉంటూ భార్య ఎల్సీతో కలిసి ఈ సంఘంలో చేరారు. 1978లో ఇద్దరూ కొద్దికాలపు మిషనరీలుగా హైదరాబాద్ వచ్చారు. కాలింగ్ బెల్లులు నొక్కలేదు, అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ల ఇళ్లకు వెళ్లి కూర్చున్నారు. ఆ కొద్ది రోజుల్లో బంధువర్గంలోనే 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మోర్మన్ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చింది ఎల్సీ తండ్రే, ఆయన బాప్టిస్టు సంఘ పాస్టర్. 2012లో భారతదేశంలో ఈ సంఘపు మొట్టమొదటి ‘స్టేక్’, అంటే కొన్ని స్థానిక సంఘాలు కలిసిన పెద్ద విభాగం, హైదరాబాద్‌లోనే ఏర్పడింది.

చుట్టరికం ఇంత పనిచేస్తుందని చర్చికి తెలియదనుకోవాలా? తెలుసు. పరిచయస్తుల ద్వారా వచ్చేవాళ్లే నిలుస్తారని చర్చి పెద్దలూ తరచూ చెబుతుంటారు. అయినా భాష రాని పిల్లల్ని ఎరగని దేశాలకు పంపడం ఆపరు. అందుకే నాకనిపించేది, ఈ వ్యవస్థకు అసలు పంట తలుపు లోపలివాళ్లు కాదు, బయట నిలబడ్డ పిల్లవాడే. రెండేళ్లపాటు రోజూ వద్దనిపించుకుంటూ, వద్దన్న ప్రతిసారీ తన నమ్మకాన్ని పైకి అనుకుంటూ తిరిగినవాడు తర్వాత ఆ నమ్మకాన్ని వదులుకోవడం కష్టం. నలభై ఏళ్లపాటు సంపాదనలో దశమభాగం చర్చికి ఇచ్చేవాడు, ఆదివారం పాఠం చెప్పేవాడు ఆ సైకిల్ మీదే తయారవుతాడు. వదిలేసేవాళ్లు లేరని కాదు. మిషన్‌లోనే కళ్లు తెరుచుకున్నాయని చెప్పేవాళ్లూ ఉన్నారు.

ఇందులో లౌకిక లాభమూ ఉంది. తర్వాత మసాచుసెట్స్ గవర్నర్ అయిన మిట్ రోమ్నీ 1960లలో ఫ్రాన్స్‌లో తలుపులు తట్టాడు. జాన్ హంట్స్‌మన్ తైవాన్‌లో చైనీస్ నేర్చుకుని, 2009లో చైనాకు అమెరికా రాయబారిగా వెళ్లాడు. అయితే నూటికి తొంభై మంది రాయబారులూ గవర్నర్లూ కారు, మామూలు ఉద్యోగాలు చేసుకుంటారు. వాళ్లకు మిగిలేది ఎక్కడో ఒక జపనీస్ హోటల్లో అక్కడి భాషలో ఆర్డర్ ఇచ్చి పక్కవాళ్లను ఆశ్చర్యపరచడం.

రెండేళ్లు నిండాక ఊళ్లో స్టేక్ ప్రెసిడెంట్ దగ్గరికి వెళ్లాలి. ఆయన ‘ఇక నీకు సెలవు’ అన్నాక బ్యాడ్జి తీసేయాలి. మళ్లీ సొంత పేరు, జేబులో ఫోను, వద్దన్నా దొరికే ఏకాంతం. తిరిగొచ్చినవాళ్లలో చాలామంది చెప్పే సంగతి ఒకటుంది. ఇంటి నుంచి ఒక్కడే బజారుకు బయల్దేరతాడు, గేటు దాటాక టక్కున ఆగిపోతాడు. పక్కన ఎవరూ లేరు. ఏదో తప్పు చేస్తున్నట్టు వెనక్కి తిరిగి చూస్తాడు.