విరాళాలతో పాటు తేదీలూ చూడాలి

అమెరికా రోడ్ల మీద మనవాళ్లకు ప్రమాదం జరిగిందంటే చాలు, గంటల్లోనే విరాళాల సేకరణ మొదలవుతుంది. ఆస్పత్రి బిల్లులకో, భౌతికకాయం తరలింపునకో ఆ సొమ్ము అక్కరకొస్తుంది. పరిహారం దావా మాత్రం నెలలు గడిచాక గానీ గుర్తుకు రాదు. ఆలోగా సగం గడువు కరిగిపోతుంది. తెలుగు సంఘాలు విరాళాలతో పాటు ఈ గడువుల బాధ్యతనూ నెత్తికెత్తుకోవాలి.

ముందు ఏ కోర్టుకు వెళ్లాలన్నది తేలాలి. ప్రమాద దావాలు మామూలుగా రాష్ట్ర కోర్టులవే. ఫెడరల్ (అమెరికా కేంద్ర) కోర్టు వినాలంటే వాది, ప్రతివాది వేర్వేరు రాష్ట్రాల పౌరులైనా కావాలి, ఒకరు అమెరికన్, మరొకరు విదేశీయుడైనా అయి ఉండాలి. అడిగే సొమ్ము వడ్డీ, ఖర్చులు కాక 75,000 డాలర్లు దాటాలి. ఎఫ్-1 విద్యార్థి, హెచ్-1బీ ఉద్యోగి చట్టం దృష్టిలో విదేశీయులే కాబట్టి అమెరికా పౌరుడి మీద అక్కడ దావా వేయొచ్చు. అదే డాలస్‌లో ఒక హెచ్-1బీ ఉద్యోగి కారును మరో హెచ్-1బీ ఉద్యోగి గుద్దితే, ఇద్దరూ విదేశీయులే కనుక ఈ దారి లేదు. గ్రీన్‌కార్డు ఉన్నవారు తాము స్థిరపడ్డ రాష్ట్రపు పౌరుడి మీదే వేస్తే అదీ చెల్లదు. విచారణాధికారం లేదన్న అభ్యంతరానికి కాలదోషం పట్టదు. ఎదుటి పక్షం నోరు మెదపకున్నా జడ్జి తనంతట తానే ఎప్పుడైనా కొట్టేయొచ్చు, అప్పీలులోనైనా సరే. ఈలోగా రాష్ట్ర చట్టం ఇచ్చిన గడువు దాటిపోయే ప్రమాదముంది. గాయాల దావాకైతే టెక్సస్, కాలిఫోర్నియాల్లో అది 2 ఏళ్లు, న్యూయార్క్‌లో 3, టెనెసీలో ఒక్క ఏడాదే. మళ్లీ దావా వేసుకునే వెసులుబాటు కొన్ని రాష్ట్రాల్లో ఉన్నా, దాన్ని నమ్ముకుని దిగడం తెలివైన పని కాదు.

ఫెడరల్ కోర్టులో దావా దాఖలు చేసినంత మాత్రాన పని అయిపోదు. 90 రోజుల్లో ప్రతివాదికి సమన్లు అందాలి. ఓక్లహామా కేసు ఒకదానిలో 1980లో అమెరికా సుప్రీంకోర్టు మరో మెలిక చెప్పింది. సమన్లు అందాకే దావా గడువు లెక్క ఆగుతుందని రాష్ట్ర చట్టం అంటే, ఫెడరల్ కోర్టులోనూ అదే చెల్లుతుంది. జ్యూరీ (తీర్పు చెప్పే పౌరుల బృందం) కావాలంటే ఆ అంశంపై ఇరుపక్షాల వాదన పత్రాల్లో చివరిది అందిన 14 రోజుల్లోపు రాతపూర్వకంగా అడగాలి. అడగకపోతే ఆ హక్కు వదులుకున్నట్టే.

అసలు ఉచ్చు ఫెడరల్ ప్రభుత్వ వాహనం గుద్దినప్పుడు ఉంది. తపాలా వ్యాను ఢీకొట్టిందనుకుందాం. నేరుగా కోర్టుకెళ్తే దావా నిలవదు. ముందు తపాలా శాఖకు పరిహారం కోరే ఫారం 95 ఇవ్వాలి. అది 2 ఏళ్లలోపు శాఖకు అందాలి, పోస్టు చేసిన తేదీ లెక్కలోకి రాదు. అందులో పరిహారం మొత్తం రాసే గడి ఉంటుంది. చికిత్స ఇంకా పూర్తి కాలేదని చాలామంది దాన్ని ఖాళీగా వదిలేస్తారు, లేదా ‘తర్వాత చెబుతాం’ అని రాస్తారు. అంకె లేకపోతే అది క్లెయిమే కాదు. తక్కువ రాసినా చిక్కే, కొత్త ఆధారాలేవో బయటపడితే తప్ప తర్వాత అంతకు మించి అడగలేరు. శాఖ తిరస్కరిస్తూ రిజిస్టర్డ్ లేదా సర్టిఫైడ్ పోస్టులో లేఖ పంపిన తేదీ నుంచి 6 నెలల్లో దావా వేయాలి. అప్పుడు ప్రతివాది డ్రైవరూ కాదు, శాఖా కాదు, అమెరికా ప్రభుత్వమే. జ్యూరీ ఉండదు. మృతుడి తల్లిదండ్రులు గుంటూరులో ఉంటే, వారి తరఫున సంతకం చేసేవారికి ఆ అధికారం ఉన్నట్టు కాగితం జతచేయాలి. గుద్దింది తపాలా సరుకు మోసే కాంట్రాక్టరు లారీ అయితే ఈ దారి సాధారణంగా పనికిరాదు. అందుకే బండి ఎవరిదో మొదటి వారంలోనే తేల్చుకోవాలి.

కేసు నడిచేటప్పుడు దెబ్బతీసేది కాగితాలే. నష్టం లెక్కను, దానికి ఆధారాలను అవతలివారు అడగకముందే ఇవ్వాలన్నది ఫెడరల్ కోర్టుల సివిల్ విచారణ నియమాల్లో 26వది. దాచినా, మరిచినా వాటిలోని 37వ నియమం కింద ఆ సాక్ష్యాన్ని కోర్టు పక్కన పెట్టేయొచ్చు. ఫిజియోథెరపీకి హైదరాబాద్ వచ్చేవారు ఇక్కడే తడబడతారు. రసీదులు ఉంచుకోరు, డాక్టరు చేత వివరంగా రాయించుకోరు. పైగా హైదరాబాద్‌లోని భారతీయ డాక్టరును రప్పించే సమన్ల అధికారం అమెరికా కోర్టుకు లేదు. ఆయన సాక్ష్యం కావాలంటే, విదేశాల్లో సాక్ష్యం సేకరణకు ఉద్దేశించిన హేగ్ ఒప్పందం కింద అభ్యర్థన లేఖ పంపి ఎదురుచూడాల్సిందే. ఎదుటి లాయరు ‘ఒప్పుకోండి’ అంటూ పంపే ప్రశ్నలకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే అవన్నీ ఒప్పుకున్నట్టే లెక్క. ఇంత కరకు నియమాన్ని బాధితులకు ముందే ఎవరూ విడమరిచి చెప్పకపోవడం అన్యాయం.

తానా, ఆటా, నాట్స్ వంటి సంఘాలు రాష్ట్రాలవారీగా ఈ గడువులను తెలుగులో ఒక్క పేజీలో అచ్చేసి, ప్రమాదం జరిగిన వారంలోనే కుటుంబం చేతికివ్వాలి. ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్ఆర్‌టీ, తెలంగాణ ఎన్నారై విభాగం ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు అధికార పత్రాలు సిద్ధం చేయించాలి. ఫీజు భయంతో వెనక్కి తగ్గే కుటుంబాలకు ఇంకో మాట కూడా చెప్పాలి. గాయాల దావాల్లో లాయర్లు సాధారణంగా గెలిచిన సొమ్ములోంచే వాటా తీసుకుంటారు. ఫెడరల్ ప్రభుత్వంపై క్లెయిమ్ అయితే శాఖ స్థాయిలోనే రాజీ కుదిరినప్పుడు ఆ వాటా 20 శాతం, కోర్టుకెక్కాక 25 శాతం మించరాదు. అంతకంటే ఎక్కువ అడిగే ఒప్పందం మీద సంతకం పెట్టాల్సిన పనిలేదు.