నడినెత్తిన ఎండ ఉండగా తరగతి గదిలో ట్యూబులైట్లు ఎందుకు?

ఈ ఉదయం మా అమ్మాయి చదువుతున్న పాఠశాలలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లి వచ్చాను. ఇంటికి చేరి రెండు గంటలు గడిచినా కోపం చల్లారలేదు. మార్కుల పత్రంతో పాటు చేతిలో ఒక కాగితం పెట్టారు. ‘విద్యుత్, జనరేటర్ నిర్వహణ’ పేరిట ఒక్కో విద్యార్థి ఏడాదికి 1,800 రూపాయలు అదనంగా కట్టాలని అందులో ఉంది. డబ్బు సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ కాగితాన్ని నేను ఎలాంటి గదిలో నిలబడి చదివానో చెప్పాలి.

సమయం 11 గంటలు. బయట మన తిరుపతి ఎండ కళ్లు తెరవనివ్వడం లేదు. ఆ గదిలో మాత్రం కిటికీలకు ముదురు నీలం పరదాలు మూసి, అవి విడిపోకుండా మధ్యలో పిన్నులు గుచ్చి, ఆరు ట్యూబులైట్లు వెలిగించి ఉంచారు. పక్క గదిలో ఒక్క మనిషి లేడు. నాలుగు ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతుంటే, బల్ల మీద ఎవరో పిల్లవాడు మరిచిపోయిన లెక్కల నోటు పుస్తకంలో పుటలు రెపరెపలాడుతున్నాయి. ఆపుదామని స్విచ్చు బోర్డు దగ్గరికి వెళ్తే ఆయమ్మ వారించింది: “వద్దు సార్, ఏ స్విచ్చు దేనిదో మాకే తెలీదు. సాయంత్రం మెయిన్ ఆపేస్తే అన్నీ ఒకేసారి పోతాయి.” ఆమె తప్పు ఇందులో ఏమీ లేదు. పన్నెండు స్విచ్చుల బోర్డు మీద ఏది ఫ్యానుదో ఏది లైటుదో రాసిన ఒక్క చీటీ కూడా లేదు. అలా రాసి అంటించడానికి పైసా ఖర్చు కాదు, ఒక పూట పని. అది చేయని యాజమాన్యానికి నా దగ్గర 1,800 రూపాయలు అడిగే హక్కు ఎక్కడిది?

పరదా ఎందుకు మూశారని అడిగితే, ఎండ బోర్డు మీద పడి పిల్లలకు అక్షరాలు కనిపించడం లేదన్నారు. ఇబ్బంది నిజమే, కాదనను. అయితే బోర్డును పక్క గోడకు మార్చవచ్చు, కిటికీ పైన చిన్న సజ్జ దించవచ్చు. వెలుతురును పూర్తిగా మూసివేసి, అదే వెలుతురును కరెంటుతో కొనుక్కోవడం నాకు మింగుడుపడడం లేదు.

ఇంటికి వచ్చి కాగితం మీద లెక్క వేశాను. 30 గదులు, గదికి నాలుగు చొప్పున 120 ఫ్యాన్లు. పాతరకం ఫ్యాను ఒక్కోటి సుమారు 75 వాట్లు తీసుకుంటుంది, కనుక రోజుకు ఏడు గంటలు తిరిగితే మొత్తం 63 యూనిట్లు. ఇప్పుడు దొరికే బీఎల్‌డీసీ ఫ్యాను, అంటే తక్కువ కరెంటుతో నడిచే కొత్తరకం మోటారు ఉన్నది, 30 వాట్ల దగ్గర అంతే గాలి ఇస్తుంది. 120 ఫ్యాన్లూ అలాంటివే అయితే రోజుకు ఖర్చయ్యేది 25 యూనిట్లు. సెలవులు, చలి రోజులు తీసివేసి ఏడాదికి 200 రోజులనే లెక్క పెట్టినా 7,500 యూనిట్లు మిగులుతాయి. యూనిట్‌కు ఏడు రూపాయలు అనుకున్నా అది 50 వేలకు పైమాటే. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కరెంటు పొదుపును తెలిపే స్టార్ గుర్తు తప్పనిసరి అయింది. కొనేవారు గుర్తు చూసి కొంటే చాలు. పాత ఫ్యాన్లన్నీ ఒకేసారి మార్చమని నేను అనడం లేదు, చెడిపోయినదాని స్థానంలో మళ్లీ చవకరకం బిగించవద్దని మాత్రమే అంటున్నాను.

ఇక జనరేటర్. అది సరిగ్గా మూడో తరగతి కిటికీ కింద ఉంది. కరెంటు పోగానే ఆ పొగంతా ఏడెనిమిదేళ్ల పిల్లల ముక్కుల్లోకి పోతుంది. లీటరు డీజిల్‌కు ఇలాంటి జనరేటర్ ఇచ్చేది మూడు యూనిట్లు, మహా అయితే మూడున్నర. డీజిల్ ధర మీకు తెలుసు కనుక ఒక్కో యూనిట్ ఎంతకు పడుతుందో మీరే లెక్క వేసుకోండి. ఆ భారాన్ని మా మీద వేస్తున్నారు, ఆ పొగను మా పిల్లల మీద వదులుతున్నారు.

ఈ భవనం పైకప్పు మీద నీళ్ల ట్యాంకులు తప్ప ఏమీ లేవు. సౌర విద్యుత్తుకు పాఠశాలను మించిన చోటు లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను, ఎందుకంటే అక్కడ కరెంటు అవసరమయ్యే వేళ, ఎండ కాసే వేళ ఒక్కటే. ఇళ్లలో వాడకం చీకటి పడ్డాక పెరుగుతుంది, బడిలో ఆ వేళకు తాళం పడుతుంది. మన ప్రాంతంలో ఒక కిలోవాట్ సౌర పలకలు సగటున రోజుకు నాలుగు యూనిట్ల దాకా ఇస్తాయి. వాటికి సుమారు 100 చదరపు అడుగుల జాగా చాలు. 20 కిలోవాట్లు పెడితే ఇలాంటి పాఠశాల పగటి అవసరాలు చాలావరకు తీరిపోతాయి. ఎండలు మండే మే నెలలో బడికి సెలవులు కనుక, అప్పుడు పుట్టే కరెంటు నెట్ మీటర్ ద్వారా లైనులోకి వెళ్లి బిల్లులో జమ అవుతుంది. ఇళ్లకు ఇచ్చే పీఎం సూర్యఘర్ రాయితీ పాఠశాలలకు వర్తించదు, నిజమే. కానీ పెట్టుబడి మొత్తం కంపెనీయే పెట్టి, వాడుకున్న యూనిట్లకు మాత్రమే డబ్బు తీసుకునే రెస్కో పద్ధతి ఉంది. ఒక్క విషయం ముందే తెలుసుకోవాలి: బ్యాటరీ లేని సౌర వ్యవస్థ, కరెంటు పోయినప్పుడు లైనుమీద పనిచేసేవారి భద్రత కోసం తానూ ఆగిపోతుంది. కనుక కోతల వేళ ఫ్యాన్లు తిరగాలంటే కొంత బ్యాటరీ, దానికి తగిన ఇన్వర్టర్ పెట్టుకోక తప్పదు.

ఇదంతా కొత్త విద్య అని ఎవరైనా అంటే, తిరుమల కొండ వైపు చూడమని అడుగుతాను. 2002లోనే అక్కడ నిత్యాన్నదానం కోసం ఎండను అద్దాల పళ్లేలతో ఒకచోటికి పట్టి, ఆవిరి పుట్టించి, వేలమందికి వంట చేసే ఏర్పాటు జరిగింది. కొండ మీద గాలిమరలు తిరగడం దర్శనానికి వెళ్లేవారందరూ చూస్తూనే ఉన్నారు. కొండ పైన అప్పుడే సాధ్యమైన పని కొండ కింద ఇప్పటికీ ఎందుకు కాలేదు?

ఇక్కడ నా పాత బాధ ఒకటి చెప్పకుండా ఉండలేను. నేను చదువుకున్న ప్రభుత్వ పాఠశాలకు ఏళ్ల క్రితం దాతలు సౌర పలకలు పెట్టించారు. రిబ్బన్ కత్తిరించారు, ఫొటోలు దిగారు. బ్యాటరీలు చచ్చిపోయాక కొత్తవి ఎవరు కొనాలో ఏ కాగితంలోనూ లేదు. పోయినసారి వెళ్లినప్పుడు మేడ ఎక్కి చూశాను. పలకల మీద వేలితో పేరు రాసుకోగలిగినంత దుమ్ము ఉంది, ఒక మూల కోతులు వైరు పీకేశాయి. ఆ పలకలు 25 ఏళ్లు పనిచేయాల్సినవి. వారానికొకసారి నీళ్లు పోసి తుడిచే మనిషిని, ఇన్వర్టర్‌లో ఎర్రదీపం వెలిగితే ఫోన్ చేయవలసిన నంబరును ముందే నిర్ణయించి ఉంటే ఆ గతి పట్టేది కాదు. బడుల బాగుకోసం చేపట్టిన నాడు-నేడు పనులతో మన సర్కారు బడులకు ఫ్యాన్లు, లైట్లు, పెద్ద డిజిటల్ తెరలు వచ్చాయి. చాలా సంతోషించాను, ఇప్పటికీ సంతోషమే. కానీ వాటితో బిల్లు కూడా పెరుగుతుంది కదా, దాన్ని కట్టే దారి కూడా అప్పుడే చూడాలి కదా!

మా అమ్మాయి డిసెంబర్ 14న ఇంధన పొదుపు దినోత్సవానికి అట్ట మీద సూర్యుడి బొమ్మ వేసి బహుమతి తెచ్చుకుంది. ఆ అట్ట ఇవాళ ఆ మూసిన పరదాల పక్కనే గోడకు అంటించి కనిపించింది. దాని ముందు నిలబడి “నాన్నా, నాదే” అని చూపించినప్పుడు నాకు నోట మాట రాలేదు.

ఆ 1,800 రూపాయలు నేను కట్టలేదు. గడచిన 12 నెలల కరెంటు బిల్లులు, డీజిల్ రసీదులు తల్లిదండ్రులకు చూపించాలని, జనరేటర్‌ను కిటికీ కింద నుంచి తీసివేయాలని కార్యాలయంలో లేఖ ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాను. సోమవారం మళ్లీ వెళ్తున్నాను. అదే పాఠశాలలో మీ పిల్లలు ఉంటే ఉదయం తొమ్మిదిన్నరకు గేటు దగ్గర కలవండి, కలిసి లోపలికి వెళ్దాం.