నిర్లక్ష్యం కాదు, డబ్బా చప్పుడు

హెచ్‌ఐవీ ఉన్న యువత మాత్రలు మానేయడానికి నిర్లక్ష్యమే కారణమని వ్యాసంలో రాశారు. ఒప్పుకోలేను. హాస్టల్లో చేరిన పిల్లాడికి అసలు తంటా ఆ డబ్బాతోనే: లోపల 30 మాత్రలు, కదిపితే గలగల, పక్కవాళ్లకు తెలిసిపోతుందన్న భయం. రాత్రే వేసుకోవాలన్న పట్టింపు అక్కర్లేదు. టీఎల్‌డీ (మూడు హెచ్‌ఐవీ మందులు కలిపిన మాత్ర) రోజుకొకటే కాబట్టి, ఆ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో చెప్పి, గదిలో ఎవరూ లేని వేళకు మార్చుకోవచ్చు. మరిచిపోతే గుర్తురాగానే వేసుకోవాలి. తర్వాతి మోతాదుకు 4 గంటలు కూడా లేకపోతే వదిలేయాలి, రెండూ కలిపి మింగకూడదు. ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది: గ్యాస్‌కని తాగే యాంటాసిడ్, టీఎల్‌డీలోని డోలుటెగ్రావిర్ అనే మందును ఒంటికి సరిగా పట్టనివ్వదు. మాత్ర వేసుకున్న 2 గంటలకు తాగాలి. ముందే తాగేస్తే మాత్రకు 6 గంటలు ఆగాలి. కౌన్సెలర్ "ఎన్ని తప్పాయి?" అని గద్దిస్తే సున్నా అనే అంటారు. "ఈ వారం ఏ రోజు కష్టమైంది?" అని అడగండి, నోరు విప్పుతారు.