కొన్న సినిమాకు వేసిన తాళం: ఒక వాట్సాప్ సందేశానికి ఖండన

గ్రూపుల్లో తిరుగుతున్న సందేశం సారాంశం ఇది: "డీఆర్‌ఎం దొంగలకు వేసిన తాళం. డబ్బు పెట్టి చూసేవాళ్లకు దానితో ఇబ్బందే లేదు. తెర నల్లగా వస్తే నెట్ స్లో, లేదంటే పరికరం పాతది, కొత్తది కొనుక్కోండి. తాళం తీస్తే మాత్రం జైలే." డీఆర్‌ఎం అంటే సినిమాలనూ పాటలనూ కాపీ చేయకుండా వేసే డిజిటల్ తాళం. ఆ సందేశంలో ఏ ముక్కా ఉన్నదున్నట్టుగా నిలవదు.

"నెట్ స్లో." నెట్ స్లో అయితే చక్రం తిరుగుతుంది, బొమ్మ మసకబారుతుంది. మెనూలన్నీ చక్కగా కనిపించి, సినిమా మొదలవగానే తెర నల్లబడితే మొదట అనుమానించాల్సింది హెచ్‌డీసీపీని. ప్లేయర్‌కీ టీవీకీ మధ్య హెచ్‌డీఎంఐ కేబుల్‌లో నడిచే తాళం అది. 4కే సినిమాకు సాధారణంగా హెచ్‌డీసీపీ 2.2 వెర్షన్ కావాలి. టీవీకి ఉంటే సరిపోదు, మధ్యలో ఉన్న సౌండ్‌బార్‌కీ రిసీవర్‌కీ (స్పీకర్లను నడిపే పెట్టె) స్ప్లిటర్‌కీ (ఒక సిగ్నల్‌ను రెండు తెరలకు పంచేది) ఉండాలి. ఒక్కటి పాతదైనా 1080పీ వస్తుంది, లేదా ఏమీ రాదు. తొలినాళ్ల 4కే టీవీలు కొన్నిటిలో 2.2 ఒక్క పోర్టుకే ఉండేది. వీజీఏ అడాప్టర్‌తో పాత ప్రొజెక్టర్‌కి కలిపితే సినిమా రాకపోవడానికీ ఇదే కారణం, వీజీఏలో హెచ్‌డీసీపీ లేనే లేదు.

ఏం చేయాలంటే, అన్నిటి ప్లగ్గులూ పీకి ఓ నిమిషం ఆగండి. ముందు టీవీ, తర్వాత సౌండ్‌బార్, చివర ప్లేయర్ ఆన్ చేయండి. అప్పుడు అవి ఒకదాన్నొకటి గుర్తుపట్టే తంతు మొదటినుంచి జరుగుతుంది. అయినా రాకపోతే ప్లేయర్‌ను నేరుగా టీవీకి కలిపి, సౌండ్‌బార్‌కు శబ్దాన్ని టీవీ ఏఆర్‌సీ పోర్టు (టీవీ నుంచి శబ్దాన్ని బయటికి పంపే హెచ్‌డీఎంఐ పోర్టు) నుంచి ఇవ్వండి. బొమ్మ వచ్చిందంటే తప్పు మధ్యలో ఉన్నదానిది. బొమ్మ వచ్చిపోతూ ఉంటే కేబుల్‌ను చూడండి. హెచ్‌డీసీపీ 1.ఎక్స్‌లో (పాత వెర్షన్లలో) రెండు పరికరాలూ 128 ఫ్రేములకోసారి లెక్క సరిచూసుకుంటాయి. పొడవాటి నాసిరకం కేబుల్‌లో ఆ లెక్క తప్పితే తెర నల్లబడి, కాసేపటికి మళ్లీ వస్తుంది.

"కొత్తది కొనుక్కోండి." ఇదే అన్నిటికన్నా పెద్ద అబద్ధం. 4కే బ్లూరే డిస్కును పీసీలో అధికారికంగా చూడాలంటే ఇంటెల్ ప్రాసెసర్‌లో ఎస్‌జీఎక్స్ (రహస్యాలు దాచే భద్రతా ఏర్పాటు) ఉండాలని షరతు పెట్టారు. 2021లో వచ్చిన 11వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఇంటెల్ దాన్ని తీసేసింది. డిస్కూ అదే, డ్రైవూ అదే, పాత పీసీలో ఆడిన సినిమా కొత్త పీసీలో ఆడలేదు. ఫోన్లలో వైడ్‌వైన్ (గూగుల్ డీఆర్‌ఎం) పై స్థాయి ఎల్1 లేకుండా, కింది స్థాయి ఎల్3 మాత్రమే ఉంటే, ఎంత ఖరీదైన ప్లాన్ కట్టినా చాలా ఓటీటీల్లో హెచ్‌డీ రాదు. కొనేముందు చూసుకోవాల్సింది అదీ.

డీవీడీలది ఇంకో బాధ. ప్రపంచాన్ని రీజియన్లుగా విడదీసి, ఒక రీజియన్ డిస్కు ఇంకో రీజియన్ ప్లేయర్‌లో ఆడకుండా తాళం వేశారు. అమెరికాలో కొన్న హాలీవుడ్ డీవీడీ చాలావరకు రీజియన్ 1, మన దేశానిది రీజియన్ 5. అక్కణ్నుంచి పెట్టెలో తెచ్చుకున్న అసలు డిస్కును హైదరాబాద్‌లో కొన్న రీజియన్ 5 ప్లేయర్ తిప్పికొడుతుంది. కంప్యూటర్ డ్రైవ్‌లో రీజియన్‌ను 5 సార్లే మార్చగలం, చివరిసారి పెట్టిందే ఖాయం. ఎన్ని మిగిలాయో విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరిచి, డ్రైవ్ ప్రాపర్టీస్‌లో డీవీడీ రీజియన్ ట్యాబ్‌లో చూడొచ్చు.

"దొంగలకు వేసిన తాళం." డీవీడీల సీఎస్‌ఎస్ తాళం 1999లోనే విరిగింది. హెచ్‌డీసీపీ మాస్టర్ కీ (మిగతా కీలన్నిటికీ మూలం) 2010లో బయటపడింది, అది అసలుదేనని ఇంటెల్ ఒప్పుకుంది. పైరసీకి ఎవరో ఒకరు ఒక్కసారి తాళం తీస్తే చాలు, ఆ ఫైలు ఏ టీవీలోనైనా ఆడుతుంది. తాళం రోజూ అడ్డుపడేది బిల్లు కట్టినవాళ్లకే. ఐట్యూన్స్ 2009లో పాటలకు తాళం తీసేసింది, ఆ తర్వాతా పాటలు అమ్ముతూనే ఉంది.

"జైలే." మన కాపీరైట్ చట్టంలో 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షన్ రెండేళ్ల వరకు జైలు అంటున్నది హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం తీసినవాళ్లకు. చట్టం నిషేధించని పని కోసం తీయడాన్ని అదే సెక్షన్ మినహాయించింది. అమెరికా 1998 చట్టం ఇంకా కఠినం. అక్కడ మినహాయింపులు పోను, కొన్న డిస్కుదైనా సరే తాళం తీయడమే చట్టవిరుద్ధం. డల్లాస్‌లో ఉన్నవాళ్లు గుంటూరు నుంచి వచ్చిన సలహాను అలాగే పాటించకూడదు.