తరుగులో దాగిన కూలి

నెల్లూరు ఆచారి వీధిలోనో, కావలిలోనో, ఒంగోలులోనో సొంతంగా కుంపటి పెట్టుకుని బంగారు పని చేసే ఆచారి దగ్గరికి ఒక కుటుంబం పాత బంగారు గాజులు తెచ్చిందనుకుందాం. కాటాలో 20 గ్రాములు తూగాయి. కరిగించి టచ్, అంటే బంగారం ఎంత శుద్ధమో చూపిస్తే నూటికి 88 వచ్చింది. అంటే అందులో ఉన్న మేలిమి 17.6 గ్రాములు. దాన్ని 22 క్యారెట్ల నాణ్యానికి, అంటే వెయ్యికి 916 పాళ్ల మేలిమికి తెస్తే చేతికొచ్చేది 19.21 గ్రాములు. ఆకురాయి కింద రాలేది, మెరుగులో అరిగేది ఈ లెక్కలో ఇంకా చేరలేదు. అదే 20 గ్రాముల గాజులు 916లో తిరిగి కావాలంటే 18.32 గ్రాముల మేలిమి ఉండాలి. తక్కువ పడే 0.72 గ్రాము ఎవరు పెట్టుకోవాలి? ఇచ్చింది 20, వచ్చింది 19 చిల్లర. మిగతాది ఏమైందన్న అనుమానం అక్కడే మొదలవుతుంది.

తల్లి ముక్కుపుడకలోనైనా కంసాలి రవ్వంత తీయక మానడని మన ఊళ్లలో ఓ మాట ఉంది. చాలా అన్యాయమైన మాట. కానీ అది ఊరికే పుట్టలేదు. మనిషి స్వభావం కంటే కూలి ఇచ్చే పద్ధతే దానికి మూలం. చేతిపనికి మజూరీ నామమాత్రంగా పెట్టి, అసలు సంపాదనను తరుగులో కలిపేయడం తరతరాల అలవాటు. నూటికి ఇన్ని పాళ్లు తరుగు అని మాట్లాడుకుంటారు. పని శుభ్రంగా చేసి అంతకంటే తక్కువ పోగొడితే, ఆ మిగులే కూలి. పది గ్రాముల మేలిమి వెయ్యి రూపాయల్లో ఉన్న రోజుల్లో ఈ దాపరికాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 2025లో ఆ ధర లక్ష దాటింది. ఇప్పుడు 0.1 గ్రాము తేడా అంటే వెయ్యి రూపాయలకు పైమాట. ఇక ఈ లెక్క దాగదు, దాచకూడదు కూడా.

తరుగు అబద్ధమేమీ కాదు. మూసలో వెలిగారం వేసి కరిగించినప్పుడు చిన్న బంగారు పూసలు గాజులా గట్టిపడిన ఆ వెలిగారం పెంకులో చిక్కుకుంటాయి. ఆకురాయి పళ్లలో రజను, అంటే రాకితే రాలే బంగారు పొడి, ఇరుక్కుంటుంది. మెరుగు పెట్టే బ్రష్షులోకి, చేతి గుడ్డలోకి, నేల మీది దుమ్ములోకి కొంత చేరుతుంది. అయితే ఇందులో ఎక్కువ భాగం మళ్లీ దొరికేదే. బల్ల కింద అర, ఒడిలో తోలు, రజనులోంచి ఇనుప ముక్కలు లాగడానికి అయస్కాంతం ఉన్న కార్ఖానాకూ, చాప మీద కూర్చుని చేసే పనికీ తేడా పూర్తిగా ఇక్కడే తెలుస్తుంది. ఊడ్చిన మట్టిని డబ్బాలో దాచి, కడిగి బంగారం తీసేవాళ్లకు అమ్మడం ఎప్పటినుంచో ఉన్నదే. అందుకే పని నేర్చుకునే కుర్రాడికి సుత్తి కంటే ముందు చీపురు ఇస్తారు. అది వెట్టి అనిపిస్తుంది గానీ, బంగారం ఎక్కడెక్కడికి పారిపోతుందో అతనికి తెలిసేది దానివల్లే.

నేర్పే వరుస రాగి, వెండి, ఆ తరవాతే బంగారం. రాగి తొందరగా నల్లబడుతుంది, కాబట్టి అతుకు శుభ్రంగా లేకపోతే టంకం పారదని మొదటి వారంలోనే తెలిసొస్తుంది. వెండి వేడిని ఒంటినిండా పంచేస్తుంది. అతుకు ఒక్కటే కాల్చితే లాభం లేదు, మొత్తం నగను వేడెక్కించాలి. ఈ రెండూ చేతికి వచ్చినవాడే బంగారం మీద ఊదుగొట్టం పట్టాలి. టంకం ఎప్పుడూ ఎక్కువ వేడి ఉన్న వైపుకే పరుగెడుతుంది. లావు కడ్డీకి సన్న తీగ అతికేటప్పుడు మంట తీగ మీద పడితే తీగ ముద్దవుతుంది, అతుకు మాత్రం అలాగే ఉంటుంది. మంట ముందు కడ్డీ మీదే ఆడాలి. వెలిగారం పొంగి టంకం పలుకులను పక్కకు తోసేస్తుంది కనుక తొలి వేడి మెల్లగా ఇవ్వాలి.

తీగ సంగతీ అంతే. ఒక సవర, అంటే 8 గ్రాముల 22 క్యారెట్ల బంగారం ఒక మిల్లీమీటరు తీగగా సుమారు 57 సెంటీమీటర్లు వస్తుంది. అర మిల్లీమీటరుకు దించితే దానికి నాలుగు రెట్లు. తీగ లాగే కన్నాల పలక కమ్మచ్చులో మూడు నాలుగు కన్నాలు దాటాక కాల్చి మెత్తబరచకపోతే తీగ నిలువునా చీలుతుంది. ఎంత కాల్చినా పగులుతూనే ఉంటే సీసం కలిసిందేమో చూడాలి. రవ్వంత సీసం చాలు, బంగారం పెళుసెక్కిపోతుంది. సీసం తగిలిన ఆకురాయిని బంగారం బల్ల దగ్గరికి రానివ్వకూడదు. నగను శుభ్రం చేసే ఆమ్లంలో ఇనుప పట్టకారు ముంచితే నగ మీద రాగిరంగు ఎక్కుతుందని కూడా చాలామందికి నగ పాడయ్యాకే తెలుస్తోంది.

అన్నిటికంటే బాధ కలిగించేది కేడీఎం టంకం. 92 పాళ్ల మేలిమికి 8 పాళ్ల కాడ్మియం కలిపితే అతుకు దగ్గర నాణ్యం తగ్గదు, కొనేవాళ్లకు అదే నచ్చింది. కానీ కాడ్మియం 767 డిగ్రీలకే మరిగి ఆవిరవుతుంది. అతుకు పెట్టే ప్రతిసారీ ఆ పొగ ఊదుతున్న మనిషి ఊపిరితిత్తుల్లోకి, అక్కడినుంచి మూత్రపిండాల్లోకి చేరుతుంది. జింకు, ఇండియం కలిపిన టంకాలు దొరుకుతున్నాయి. ఇంకా "కేడీఎం నగ" అని గొప్పగా చెప్పే చోట, ఆ గొప్ప వెనక ఒక మనిషి ఆరోగ్యం పోయి ఉంటుంది.

కోయంబత్తూరు, రాజ్‌కోట్, ముంబయి నుంచి వచ్చే మిషన్ గొలుసులతో ధరలో పోటీపడటం చేతిపనికి సాధ్యం కాదు. ప్రయత్నించడం కూడా దండగ. ఆచారికి మిగిలిన బలం వేరే చోట ఉంది. తాంబూలం, దక్షిణ ఇచ్చి ముహూర్తానికి మొదలుపెట్టించే పుస్తెలు, ఇంటివాళ్ల పాత నమూనాలో మాటీలు, అరిగిన కొండీలు, రాయి ఊడిన కమ్మలు. పోత పని, అంటే మైనపు నమూనాతో చేసిన అచ్చులో కరిగిన బంగారం పోయించడం, బయట చేయించినా లెక్క తెలియాలి. ఒక గ్రాము మైనపు నమూనాకు దాదాపు 18 గ్రాముల 22 క్యారెట్ల బంగారం పడుతుంది. కంప్యూటర్లో అందంగా కనిపించిన ఉంగరం చేతికి బరువైపోయేది ఈ గుణకం మరిచినప్పుడే.

కాగితం పని మీద మనవాళ్లకున్న భయం నిజంగా నష్టం చేస్తోంది. హాల్‌మార్కింగ్ తప్పనిసరి చేసిన జిల్లాల్లో 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ, అంటే నగ నగకూ విడిగా ఇచ్చే హాల్‌మార్క్ గుర్తింపు సంఖ్య, లేని నగలు అమ్మకూడదు. ఏడాదికి 40 లక్షల లోపు టర్నోవర్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. అయితే నేటి ధరల్లో 400 గ్రాముల లోపు అమ్మకంతోనే ఆ గీత దాటిపోతుంది. హాల్‌మార్కింగ్ చూసే భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ దగ్గర రిజిస్ట్రేషన్‌కు రుసుము లేదు, జీవితకాలం చెల్లుతుంది. అమ్మకం చేసేవాళ్లు అది తీసుకోవడమే మేలు. ముద్ర లేని పాత నగలను వినియోగదారుడే పరీక్షా కేంద్రానికి తీసుకెళ్లి, నాలుగు వస్తువుల వరకు 200 రూపాయలకు నాణ్యం రాయించుకోవచ్చు. కరిగించే ముందు ఆ మాట ఆచారే చెబితే సగం తగాదా తీరుతుంది.

ఒక లెక్కల పుస్తకం కూడా తప్పనిసరి. ఎవరు తెచ్చారు, ఏ నగ, ఎంత బరువు, గుర్తింపు కార్డు నకలు. దొంగసొత్తని నమ్మడానికి కారణం ఉండీ తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. పోలీసులు రికవరీ అంటూ వచ్చిన రోజున చేతిపని ఎంత గొప్పదైనా కాపాడదు, ఈ పుస్తకం కాపాడుతుంది.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో స్వర్ణకారులూ ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదటి విడత లక్ష రూపాయల అప్పు ఇస్తారు. కమ్మరికో, కుమ్మరికో ఆ లక్ష ముడిసరుకు తెస్తుంది. ఆచారికి పది గ్రాముల మేలిమి కూడా రాదు. కాబట్టి ఆ డబ్బుతో బంగారం కొనాలనుకోవడం పొరపాటు. మిల్లీగ్రాము చూపే, తూనికల శాఖ ముద్ర వేయించిన కాటా, రజను అర ఉన్న బల్ల, పొగ బయటికి లాగే ఫ్యాను కొనుక్కోవాలి. ఐదారు రోజుల ప్రాథమిక శిక్షణలో చేతిపని ఎలాగూ రాదు. ఆ రోజుల్లో రసీదు రాయడం నేర్పితే చాలు: రాళ్లు, లక్క తీశాక బరువు, కరిగించాక బరువు, టచ్, మేలిమి ఎంత, పనిలో నిజంగా పోయింది ఎంత, వీటన్నిటి కింద విడిగా ఒక గడిలో మజూరీ రూపాయల్లో.