దుప్పటి ఇచ్చి వచ్చేస్తే చలి పోతుందా? రిటైరైన అయ్యగారిని, అమ్మగారిని పంపండి

డిసెంబరు రాగానే నల్లగొండ, పాలమూరు క్రైస్తవ సంఘాల్లో దుప్పట్ల పంపిణీ ఎట్లా జరుగుతుందో అందరికీ తెలుసు. ఇచ్చిన మర్నాటి నుంచి ఆ దుప్పటి అందుకున్న ఒంటరి అవ్వ గడపలోకి ఎవరూ వెళ్లరు. వెళ్లడానికి మనుషులు లేక కాదు. ముప్పై, నలభై ఏళ్లు పరిచర్య చేసిన పాస్టరు అయ్యగారికి, అమ్మగారికి శాలువా కప్పి ఇంట్లో కూర్చోబెట్టింది మన సంఘాలే.

మార్మన్లు అని పిలిచే లేటర్ డే సెయింట్స్ సంఘంలో పిల్లల బాధ్యత తీరిన దంపతులు 6 నెలల నుంచి 23 నెలల దాకా సొంత ఖర్చుతో సేవకు వెళ్తారు. వాళ్ల బోధ మన బాప్టిస్టు, మెన్నొనైట్ సంఘాలకు ఒప్పకపోవచ్చు. పద్ధతిని తెచ్చుకోవడానికి ఏం అడ్డం? నల్లగొండలో మిషన్ పనికి 1890 ప్రాంతంలో పునాది వేసిందీ రష్యా సామ్రాజ్యం నుంచి వచ్చిన ఒక జంటే, అబ్రహాం, మరియా ఫ్రీసెన్. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒక్కో మండలానికి ఒక్కో సీనియర్ జంటను పంపాలన్నది నా వాదన.

జంటే ఎందుకంటే, ఈ పనిలో సగం ఒంటిని తాకి చూసేదే. చేతులు చలికి ఎవరికైనా చల్లబడతాయి. బట్టల లోపల పొట్ట, వీపు చల్లగా తగిలితేనే ప్రమాదం. ఎనభై ఏళ్ల అవ్వ పొట్ట మీద అమ్మగారే చెయ్యి పెట్టగలదు, తాత పాదాల పుండు అయ్యగారికే చూపిస్తాడు. "బాగున్నావా?" అంటే అందరూ బాగున్నామనే చెప్తారు. "రాత్రి ఎన్నిసార్లు లేచినవ్ అవ్వా?" అని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. ఆ ప్రశ్న అదే వయసు వైపు నడుస్తున్న మనిషి నోట రావాలి.

ఇక్కడి రాత్రుల్లో 12, 13 డిగ్రీలంటే పెద్ద చలిగా అనిపించదు. కానీ రేకుల కప్పు, చూరు కింద సందు, నేల మీద బండలు ఉన్న ఇంట్లో బక్కచిక్కిన ముసలి ఒంటికి అది చాలు. వయసు మీదపడితే వణుకు కూడా సరిగా రాదు, కాబట్టి వణకడం లేదని ధైర్యపడకూడదు. ఒంటి వేడి బాగా పడిపోతే మామూలు జ్వరం థర్మామీటరు లెక్క చూపదు, పాదరసం రకం 35 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. పాదరసం కదలకపోయినా, డిజిటల్ తెర మీద 'లో' అని పడినా పరికరం చెడిపోయిందని పక్కన పెట్టేస్తారు, అదే ప్రాణం మీదికి తెచ్చే తప్పు. మరోసారి పెట్టి చూసి, మళ్లీ అదే వస్తే 108కి ఫోన్ చేయాలి. బండి వచ్చేలోగా తడి బట్ట మార్చి, పొడి బట్ట చుట్టి, తెలివిలో ఉంటేనే గోరువెచ్చని గంజి చెంచాతో పట్టాలి. కాళ్లు చేతులు గట్టిగా రుద్దొద్దు, కల్లు, సారా అసలే పట్టొద్దు.

నులక మంచంలో చలి కింది నుంచి ఎక్కుతుంది. పైన మూడు దుప్పట్లు కప్పినా కింద ఖాళీగా ఉంటే లాభం లేదు. ముందు గోనెసంచులు, వాటి మీద గొంగడి, ఆ తర్వాతే పైదుప్పటి. పంచే డబ్బుతో పాలమూరు కురుమల దగ్గర గొంగడి కొంటే రెండిళ్లు నిలబడతాయి. మర్రిగూడ వైపు ఫ్లోరైడుతో నడుం బిగిసిన వాళ్లు వంగి కాళ్ల మీదికి దుప్పటి లాక్కోలేరు. వాళ్లకు పై అంచుకు చెయ్యి దూరేంత గుడ్డ ఉచ్చు కుట్టివ్వాలి.

కుంపటి లోపల పెట్టుకుని తలుపు వేసుకుంటే బొగ్గు నుంచి వచ్చే విషవాయువు గదిలో నిండుతుంది, దానికి వాసన ఉండదు, అందుకే పడుకునే ముందు కుంపటిని బయట పెట్టించాలి. షుగరుతో పాదాలు మొద్దుబారిన వాళ్లకు చలిమంట దగ్గర కాలు కాలినా తెలియదు. బీపీ చలికి పెరుగుతుంది, మాత్రలు అయిపోయేదీ ఇప్పుడే, దాహం వేయక నీళ్లు తాగడం తగ్గేదీ ఇప్పుడే. చలికి పగిలిన వేళ్లతో రేషన్ మిషన్ మీద వేలిముద్ర పడదు. ముందురోజు రాత్రి కొబ్బరి నూనె రాసి, పొద్దున సబ్బుతో కడిగి తుడిచి పంపితే చాలాసార్లు పడుతుంది.

ఇదంతా మతం మార్చే ఎత్తు అనేవాళ్లున్నారు, ఆశా కార్యకర్తలు ఉన్నారు కదా అనేవాళ్లూ ఉన్నారు. మొదటిదానికి కట్టుబాటు ఒక్కటే: ఇంటివాళ్లు అడగనిదే ప్రార్థన చేయకూడదు, ఏ మతం గడపైనా వదలకూడదు. రెండోదానికి, ఆశా కార్యకర్తతో కలిసే వెళ్లాలి. ఆమె మీద ఊరంతటి భారం ఉంది, ఒక్క ఇంట్లో అరగంట కూర్చునే వీలు ఆమెకు లేదు.

ఇంతకీ ఆ అవ్వ ఒంటరిగా ఎందుకుంది? చలి ముదిరే రోజులకే దేవరకొండ తండాల్లో, కోస్గి, నారాయణపేట ఊళ్లలో పడుచువాళ్లు ముంబై, పూణె, హైదరాబాదు బాట పట్టి ఉంటారు. పాలమూరు లేబర్ అని దేశమంతా పిలిచిన ఆ చేతులు పరాయి ఊళ్లలో డ్యాములు, భవనాలు కట్టాయి, ఇంట్లో ముసలివాళ్లకు నీళ్లు కాచిచ్చే చెయ్యి మాత్రం మిగల్లేదు. వలసను కూలి లెక్కలతో కొలిచే ప్రభుత్వాలు, వెనక మిగిలిన మనుషులను లెక్కపెట్టడం ఎప్పుడు నేర్చుకుంటాయి? ప్రతి పంచాయతీ దసరా నాటికల్లా ఒంటరి వృద్ధుల పేర్లు, వలసపోయిన కొడుకు లేదా కూతురు ఫోన్ నంబరు, వాడే మాత్రలు ఒక రిజిస్టరులో రాసిపెట్టాలి. మా జంటలు నవంబరు మొదటి వారం ఆ రిజిస్టరు పట్టుకునే బయల్దేరాలి. రోజుకు ఆరిళ్లు మించొద్దు. మంచులో బండి నడపకుండా ఎండెక్కాక, ఏడున్నర దాటాకే మొదలుపెట్టాలి, వాళ్లూ అరవై దాటిన వాళ్లే.