పది నిమిషాల్లో స్పోర్ట్స్ కారు చూసేస్తారట!

నిన్న రాత్రితో ఆ మెసేజ్ నాకు రావడం ఆరోసారి. స్కూల్ బ్యాచ్ గ్రూపులో రెండుసార్లు, అపార్ట్‌మెంట్ గ్రూపులో మూడుసార్లు, మా బావమరిది విడిగా ఒకసారి. "సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొంటున్నారా? 10 నిమిషాలు, 10 పాయింట్లు చాలు. జర్మనీలో పనిచేసి రిటైరైన ఇంజనీర్ చెప్పిన రహస్యాలు. మీవాళ్లందరికీ పంపండి" అని మొదలవుతుంది. ఆ ఇంజనీర్ గారికి పేరు లేదు, ఊరు లేదు. జర్మనీలో ఏం పని చేశారో కూడా రాయలేదు. క్యాంటీన్ నడిపారేమో మరి.

మామూలుగా అయితే ఊరుకునేవాణ్ణి. కానీ మా బ్యాచ్‌లో ఒకడు ఈ ఆదివారం నిజంగానే ఓ కారు చూడబోతున్నాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన రెండు డోర్ల బండి, ఇక్కడే విశాఖలో లాసన్స్ బే కాలనీలో ఉంది. అడుగుతున్నది ముప్పై లక్షలు. కొత్తలో దాని ధర అంతకు రెండింతల పైమాటే. మావాడి లెక్క ఏమిటంటే సగం ధరకే వస్తోంది కదా అని. బండి ధర సగం అయింది గానీ దాని బ్రేక్ డిస్కుల ధర సగం కాలేదు, గేర్‌బాక్సు ధరా సగం కాలేదు. పైగా ఈ మెసేజ్‌ని ప్రింట్ తీసి జేబులో పెట్టుకుని వెళ్తానంటున్నాడు. అందుకే ఇది రాస్తున్నా.

చిన్నవి ముందు తేల్చేస్తాను. "ఎరుపు, పసుపు రంగు కార్లు కొనొద్దు, కుర్రాళ్లు తోలినవి అయి ఉంటాయి" అంటుంది ఒకటో పాయింట్. తెల్ల కారుని కుర్రాళ్లు తోలరు పాపం. ఎనిమిదో పాయింట్ స్పేర్ తాళం గురించి. అడగండి, మంచిదే. తొమ్మిదోది "ఆర్‌సీ కార్డు చేతిలో ఉంటే చాలు" అంటుంది. చాలదు. రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో నంబరు కొట్టి ఫైనాన్సు ఉందా, చలాన్లు ఎన్ని, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా అని చూడండి. అప్పు తీరిపోయిందని నోటిమాట చెబితే బ్యాంకు ఇచ్చిన ఫారం 35 చూపించమనండి. పేరు మార్పిడికి 29, 30 ఫారాలు ఎలాగూ కావాలి. హైదరాబాద్ బండి కాబట్టి అక్కడి నుంచి ఎన్‌వోసీ, అంటే అభ్యంతరం లేదని ఇచ్చే ఫారం 28 కూడా కావాలి. ఆపైన ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. ఆ ట్యాక్స్ ఎంతో లెక్క వేసుకోకుండా బేరం ఆడేవాళ్లని చాలామందినే చూశాను.

ఇప్పుడు రెండో పాయింట్. అసలు నాకు ఒళ్లు మండింది దీనికే. "స్పోర్ట్స్ కార్లది అల్యూమినియం బాడీ. తుప్పు పట్టదు. కింద చూసి టైమ్ వేస్ట్ చేసుకోవద్దు." ఇది ఏ నాగపూర్‌లోనో కూర్చుని చదివితే నష్టం కొంత తక్కువ. విశాఖపట్నంలో చదివి నమ్మితే లక్షలు పోతాయి.

అల్యూమినియం బాడీ అని పేరు పడ్డ ఆడి టీటీనే తీసుకోండి. 2006లో వచ్చిన రెండో తరం కారు బాడీ బరువులో 69 శాతం అల్యూమినియం. మిగతాది స్టీలు. డోర్లు, డిక్కీ తలుపు, వెనక ఫ్లోరు స్టీలే. 2016లో మన దేశానికి వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్‌కి బానెట్టు, ముందు ఫెండర్లు అల్యూమినియం, ఒళ్లంతా స్టీలు. పోనీ బాడీ మొత్తం అల్యూమినియమే అనుకుందాం. బ్రేక్ పైపులు? సైలెన్సర్ జాయింట్లు? స్ప్రింగులు? వాటిని బిగించిన బోల్టులు? అసలు తంటా బోల్టు దగ్గరే మొదలవుతుంది. స్టీలు, అల్యూమినియం ఒకదానికొకటి తగిలి ఉన్నచోట ఉప్పుతేమ చేరితే అల్యూమినియం తినేయబడుతుంది. ఎర్రగా తుప్పు కనిపించదు, తెల్లటి పొడి రాలుతుంది. మెసేజ్ రాసిన మహానుభావుడు ఎరుపు కోసం వెతికి, కనిపించక, తుప్పే లేదని తేల్చినట్టున్నాడు.

బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్లలో ఉన్నవాళ్లకి దీని గురించి నేను పాఠం చెప్పక్కర్లేదు. మీ ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక్కి వెళ్లి ఆ రేకులు వేలితో తాకి చూడండి. అప్పడంలా పొడి అయిపోతాయి. కారు ఏసీ కండెన్సర్‌దీ అదే జాతి, అదే గాలి. పోర్షా బాక్స్‌టర్ లాంటి కార్లకి ఇంజిన్ మధ్యలో ఉంటుంది గానీ రేడియేటర్లు, కండెన్సర్లు ముందు బంపర్‌కి రెండు పక్కలా ఉన్న సందుల వెనక ఉంటాయి. ఆ సందుల్లో ఎండుటాకులు చేరతాయి. మన దగ్గర ఆకులతో పాటు ఇసుక, ఉప్పుతేమ కూడా. అవన్నీ తడిసి ముద్దై లోపలే కూర్చుంటాయి. బయట బంపర్ అద్దంలా మెరుస్తూ ఉంటుంది. సెల్‌ఫోన్ టార్చి వేసి ఆ సందులోకి ఒక్క నిమిషం చూస్తే తెలిసిపోయేదాన్ని "టైమ్ వేస్ట్" అంటే ఏమనాలి?

నా అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల క్రితం నేనూ ఒక రెండు డోర్ల బండి కొన్నాను. ఓనరు చాలా పద్ధతైన మనిషి, ప్రతి ఆదివారం పాలిష్. నేనూ పైపైన చూసి మురిసిపోయాను. నెల తిరక్కుండా ఆటోనగర్‌లో లిఫ్టు ఎక్కిస్తే మేస్త్రి స్క్రూడ్రైవర్ తీసి వెనక సబ్‌ఫ్రేమ్ మీద, అంటే చక్రాల సరంజామాని మోసే చట్రం మీద, మెల్లగా తట్టాడు. తట్టిన చోటల్లా పెచ్చు ఊడి అరచేతిలో పడింది. బ్రేక్ పైపు మీద బుడిపెలు. "ఏటి సార్, సముద్రంలో నడిపారేటి?" అన్నాడు. నడపలేదు. ఆరేళ్లు సముద్రానికి ఎదురుగా కవర్ కప్పి నిలబెట్టారంతే. ఆ కవరే తేమని పట్టి ఉంచింది. ఆ రోజు లిఫ్టుకి నేను ఇచ్చింది ఐదొందలు. అదే ఐదొందలు కొనేముందు ఇచ్చి ఉంటే బాగుండేది. కాబట్టి కింద చూడండి. లిఫ్టు మీదే చూడండి, జాకీ పెట్టి కిందకి మాత్రం దూరకండి.

ఐదో పాయింట్‌కి వస్తే నాకు నవ్వాగలేదు. "ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసుకెళ్లండి. అంటుకోకపోతే లోపల పుట్టీ ఉన్నట్టే." స్వామీ, రెండో పాయింట్‌లో బాడీ అల్యూమినియం అన్నది తమరే కదా! అల్యూమినియానికి అయస్కాంతం ఎక్కడ అంటుకుంటుంది? ఈ లెక్కన మస్టాంగ్ బానెట్టంతా పుట్టీ ముద్దే. మెసేజ్ పంపేముందు దాన్ని ఒకసారి చదివే అలవాటు రాసినవాడికీ లేదు, ఆరుసార్లు పంపిన మావాళ్లకీ లేదు. పెయింట్ మందం కొలిచే మీటరు దొరుకుతుంది. అల్యూమినియం మీద కూడా పనిచేసేది చూసి తెచ్చుకోండి. కంపెనీ పెయింట్ సాధారణంగా 100 నుంచి 180 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒకే డోర్‌లో ఒకచోట 130, జానెడు పక్కన 700 చూపిస్తే అక్కడ పుట్టీ ఉంది. ప్లాస్టిక్ బంపర్ మీద ఈ మీటరు కూడా పనిచేయదు.

దానికి తోక ఒకటి తగిలించారు, "పెయింట్ పడిందంటే యాక్సిడెంట్ అయినట్టే, వదిలేయండి" అని. వదిలేస్తే ఈ ఊళ్లో పాత కారు కొనలేం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు చెట్టు పడని వీధి ఉందా? ఆనాటి బండ్లలో ఎన్నింటికి రూఫులు మళ్లీ పెయింట్ పడ్డాయో! పోర్టు వైపు ఉండేవాళ్లు నల్లదుమ్ముని పొడిగుడ్డతో తుడిచి తుడిచి గీతలు పెట్టుకుని మళ్లీ పెయింట్ కొట్టించుకుంటారు. ఇక నేలకి జానెడెత్తున ఉండే కారు మన స్పీడ్ బ్రేకర్ల మీద ముక్కు గీక్కోకుండా ఉంటుందా? పెయింట్ ఎందుకు పడిందో అడగండి. బానెట్టు లోపలి బోల్టుల తలల మీద పానా గుర్తులున్నాయా, రెండు హెడ్‌లైట్లూ ఒకే కాలానివా, అద్దాల మీద తయారీ గుర్తులు ఒకదానికొకటి సరిపోతున్నాయా చూడండి. చాసిస్ పట్టీలు వంగి వెల్డింగ్ పడి ఉంటే అప్పుడు వదిలేయండి.

మూడో పాయింట్ ప్రమాదకరం. "అమ్మేవాళ్లు మీరు వచ్చేసరికే ఇంజిన్ వేడి చేసి ఉంచితే మంచివాళ్లన్నమాట. వెంటనే న్యూట్రల్‌లో రెడ్‌లైన్ దాకా రైజ్ చేయండి. పొగ రాకపోతే ఇంజిన్ ఓకే." రెడ్‌లైన్ అంటే ఇంజిన్ వేగానికి హద్దుగా గీసిన ఎర్రగీత. ఈ సలహా తలకిందులు! ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే దాని గుట్టు బయటపడుతుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిని స్టార్ట్ చేసిన మొదటి నాలుగైదు సెకన్లలో టైమింగ్ చైన్ గలగలలాడుతుందా అన్నది వినాలి. వేడెక్కాక ఆయిల్ అంతా పాకి ఆ చప్పుడు అణిగిపోవచ్చు. కాబట్టి ముందురోజే ఫోన్ చేసి "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దండీ" అని చెప్పండి. వెళ్లగానే బానెట్టు మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే కాఫీ తాగి వచ్చేసి, ఇంకో రోజు వెళ్లండి.

పొగ సంగతి అంత సులువు కాదు. సిలిండర్లు పడుకుని ఉండే పోర్షా ఇంజిన్లలో రాత్రంతా ఆగాక స్టార్ట్ చేస్తే నీలంగా ఒక గుప్పెడు పొగ రావడం మామూలే. ఆగకుండా వస్తుంటేనే రోగం. మిగతా కార్లలో రోగం ఉంటే, పల్లంలో యాక్సిలరేటర్ వదిలి, మళ్లీ తొక్కినప్పుడు అద్దంలో వెనక్కి చూస్తే నీలం పొగ కనిపిస్తుంది. అది న్యూట్రల్‌లో అరిపిస్తే తెలిసేది కాదు. అనుమానం ఉంటే సిలిండర్లు గాలిని పట్టి ఉంచుతున్నాయా అని చూసే కంప్రెషన్ టెస్ట్, లీక్‌డౌన్ టెస్ట్ చేయిస్తారు. అమ్మేవాడు వాటికి ఒప్పుకోకపోతే మీకు జవాబు దొరికినట్టే.

దీని తమ్ముడు నాలుగో పాయింట్: "భీమిలి రోడ్డులో 160 దాకా కొట్టి చూడండి." వద్దు నాయనా. ఆ రోడ్డు మీద ఆవులుంటాయి, సెల్ఫీలు తీసుకునేవాళ్లుంటారు, ఐస్‌క్రీమ్ బండి వైపు పరిగెత్తే పిల్లలుంటారు. పైగా తిన్నటి రోడ్డు మీద ఏ స్పోర్ట్స్ కారైనా పరిగెడుతుంది, దాని పనే అది. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్సు (రెండు క్లచ్‌లతో గేర్లు తనే మార్చుకునేది) బాగోగులు తెలియాలంటే సాయంత్రం ఆరింటికి ద్వారకానగర్ ట్రాఫిక్‌లో పాకించండి. కుదుపు, వణుకు ఉంటే అక్కడే దొరుకుతాయి. తర్వాత కైలాసగిరి ఘాట్ ఎక్కించండి. దిగేటప్పుడు బ్రేకుల దగ్గర స్టీరింగ్ అదిరిందా, మలుపుల్లో టకటక వినిపించిందా చూసుకోండి. వీటన్నిటికీ నలభై కిలోమీటర్ల వేగం చాలు.

ఆరోది స్కానర్. "వెయ్యి రూపాయల బ్లూటూత్ స్కానర్ పెట్టండి. కోడ్ లేకపోతే కారు క్లీన్." ఆ స్కానర్ అమ్మేవాడి దగ్గర కూడా ఉంటుందని వీళ్లకి తట్టలేదు. మీరు గేటు దగ్గరికి వచ్చేలోపు కోడ్లన్నీ చెరిపేయొచ్చు. అలా చెరిపితే రెడీనెస్ మానిటర్లు (కారు తనని తాను చేసుకునే పరీక్షలు) "పూర్తికాలేదు" అని చూపిస్తాయి. చూడాల్సింది అది. ఆ చవక స్కానర్లు ఎక్కువగా ఇంజిన్ వరకే చదువుతాయి, ఎయిర్‌బ్యాగ్, గేర్‌బాక్సు దాకా వెళ్లవు. పోర్షా అయితే కంపెనీ టూల్‌తో ఓవర్‌రెవ్ రిపోర్టు తీయించవచ్చు. మాన్యువల్ బండిలో ఎవరైనా పై గేరు బదులు కింది గేరు వేసి ఇంజిన్‌ని హద్దు దాటించి ఉంటే, ఎన్నిసార్లు, చివరిసారి ఎన్ని గంటల ఇంజిన్ రన్నింగ్ దగ్గర అన్నది అందులో నమోదై ఉంటుంది. కారు కంప్యూటర్‌కి మొహమాటం ఉండదు.

ఏడోది "ఎంత తక్కువ తిరిగితే అంత మంచిది." పదేళ్లలో 9 వేల కిలోమీటర్లు తిరిగిన బండి అంటే పదేళ్లు నిలబడ్డ బండి. టైరు పక్కన నాలుగంకెలు చదవండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైంది. గాడి ఎంత లోతుగా ఉన్నా ఆ రబ్బరు ముసలిదే. బ్రేక్ ఆయిల్ గాలిలో తేమ పీల్చుకుంటుంది, రబ్బరు సీళ్లు ఎండిపోతాయి. 1997 నుంచి 2008 మోడళ్ల వరకు చాలా పోర్షా బాక్స్‌టర్లు, 911ల ఇంజిన్లలో ఉన్న ఐఎంఎస్ బేరింగ్ (ఇంజిన్ లోపల తిరిగే ఒక షాఫ్ట్‌ని మోసేది) తక్కువ తిరిగిన బండ్లలోనూ పోయింది. పోతే ఇంజినే పోతుంది.

మిగిలింది పదోది. "కారు చూడటానికి ఇంట్లో పెద్దవాళ్లని తీసుకెళ్లండి." ఇది చదివి మొదట విసుక్కున్నాను. వాళ్లకేం తెలుసు కార్ల గురించి, ధర తగ్గించే నాటకానికి తప్ప అనుకున్నాను. కానీ అబద్ధం ఎందుకు, ఈ ఒక్కటి నిజం.

పోయినేడాది ఓ స్నేహితుడి కోసం ఎంవీపీ కాలనీలో ఒక కన్వర్టిబుల్ చూడటానికి వెళ్లాను. ఏపీ 16 నంబరు, అంటే బెజవాడ బండి. రైతుబజారులో దింపమని మా పిన్ని కూడా కారెక్కింది. నేను మీటరు పట్టుకుని డోర్లు కొలుస్తున్నాను, పెయింట్ అంతా ఒరిజినల్, మురిసిపోతున్నాను. పిన్ని తీరిగ్గా వెళ్లి పక్క సీట్లో కూర్చుని, ముక్కు చిట్లించి, "ఇదేటి నాన్నా, తడిసిన గోనెసంచి కంపు?" అంది. అమ్మేవాళ్లు నిమ్మకాయ సెంటు డబ్బా రెండు పెట్టారు లోపల. నాకు ఆ నిమ్మకాయే తెలిసింది. అప్పుడు సీటు బెల్టుని చివరిదాకా లాగాను. చివరి జానెడు మీద మట్టిచార, దాన్ని ఎవరూ కడగలేదు. డిక్కీ కార్పెట్ ఎత్తితే స్పేర్ చక్రం గుంటలో ఎండిన ఒండ్రు. 2024 సెప్టెంబర్‌లో బెజవాడలో బుడమేరు వాగు పొంగింది గుర్తొచ్చింది. అడిగితే, "వానొస్తే రూఫ్ మూయడం మర్చిపోయాం సార్" అన్నారు. కిందనుంచి పైకి కురిసిన వాన అన్నమాట.

మావాడికి ఇదంతా ఫోన్లో చెప్పాను. అమ్మేవాళ్లకి ఫోన్ చేసి బండి స్టార్ట్ చేయొద్దని చెప్పాడట. ఆటోనగర్‌లో లిఫ్టు ఆదివారం పొద్దున పదింటికి ఖాళీగా ఉంది. సంపత్ వినాయకుడి గుడి దగ్గర బండి పూజకి నిమ్మకాయలు ఎన్ని కొనాలని అడిగాడు, ఇంకా టైముందన్నాను. పిన్ని ఎనిమిదింటికే తయారై కూర్చుంటానంది.